ఉప్పునీటి ట్యాంకు: ముందు పగడం, తర్వాత చేప

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉప్పునీటి అక్వేరియం గురించే. చాలామంది చేపల జాబితా పంపి, ‘ఇవి కలిసుంటాయా?’ అని అడిగారు. మా అభిప్రాయం మొదటే చెప్పేస్తున్నాం: జాబితా చేపతో మొదలుపెట్టకండి. ఏ పగడం పెంచాలో ముందు తేల్చుకోండి. అది తేలితే లైటు ఎంత కావాలి, నీటి తోపు ఎంత ఉండాలి, ఏ చేప జోలికి పోకూడదు అన్నవి సగం వాటంతటవే తేలిపోతాయి.

ప్రశ్న: నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు కొన్నాను. రెండు క్లౌన్లు, ఒక బ్లూ టాంగ్, ఒక ఎల్లో టాంగ్, ఆరు బ్లూ డామ్సెల్స్, ఒక బటర్‌ఫ్లై, ఒక మాండరిన్, వీలైతే చిన్న లయన్ ఫిష్ వేయాలని ఉంది. కోరల్స్‌లో హ్యామర్, జీనియా, మష్రూమ్స్ అనుకుంటున్నాను. షాపులో అన్నీ కలిసే ఉంటాయన్నారు. నిజమేనా? — పాఠకుడు, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: షాపు తొట్టెలో అవి కలిసి ఉండేది వారం పది రోజులు. అప్పుడవి వేలెడంత పిల్లలు, ప్రయాణం బడలికలో బెదిరి ఉంటాయి. మీ ఇంట్లో ఆర్నెల్లు కడుపునిండా తిన్నాక తీరు మారిపోతుంది.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. మీ ట్యాంకు లోపలి కొలత దాదాపు 255 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా నికరంగా 200 లీటర్లు. బ్లూ టాంగ్ పెరిగితే అడుగు పొడవు ఉంటుంది, ఎల్లో టాంగ్ 20 సెంటీమీటర్లు. రెండూ రోజంతా ఈదుతూ రాళ్లమీది నాచు గీక్కుతినే చేపలు. వాటికి ఆరడుగుల ట్యాంకు కనీసం. ఇరుకులో పెడితే బ్లూ టాంగ్‌కి అందరికంటే ముందు తెల్లమచ్చ వస్తుంది, ఎల్లో టాంగ్ తోక దగ్గరి ముల్లుతో పక్క చేపను కోస్తుంది. రెండూ వద్దు. డామ్సెల్స్ ఎందుకు వద్దో కింద ఒంగోలు పాఠకుడికి రాశాం.

బటర్‌ఫ్లై చేపల్లో చాలా జాతులకు పగడాల పువ్వులే తిండి. మీరు వందలు పోసి కొన్న మష్రూమ్‌ని అది మూతి పెట్టి ఒక్కొక్క ముక్కా పీకుతుంది. లయన్ ఫిష్ నోట్లో పట్టిన ప్రతిదాన్నీ మింగుతుంది. క్లీనర్ రొయ్యతో మొదలుపెట్టి క్లౌన్ దాకా వస్తుంది. దాని వీపు ముళ్లలో విషం కూడా ఉంది. ఎప్పుడైనా గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, చెయ్యి అరగంటకు పైగా ఉంచి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మాండరిన్ సంగతి వేరు. అది ఎవరి జోలికీ పోదు. కానీ రాళ్ల మీద పాకే కోపెపాడ్లు, అంటే కంటికి ఆనీ ఆనని పురుగులు, తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా ఏరుకుతింటూనే ఉండాలి. కొత్త 200 లీటర్ల ట్యాంకులో అవి కొన్ని వారాల్లో అయిపోతాయి. గుళికల మేత చాలావరకు ముట్టదు. పొట్ట లోపలికి పోయి, తల వెనక వీపు సన్నబడి, రెండు మూడు నెలల్లో ఆకలితో చచ్చిపోతుంది. ఈ చేప ఇలా చావడం మాకు చాలా బాధ కలిగిస్తుంది. దయచేసి కొనకండి.

ఇక పగడాలు. హ్యామర్ రాతి పగడం. వాటి విషయంలో చట్టం ఏమంటుందో కింద సింగరాయకొండ పాఠకుడికి రాశాం, చదవండి. మీకు మష్రూమ్స్, జొయాంథస్, ఒక లెదర్ కోరల్ సరిగ్గా సరిపోతాయి. ఈ మెత్తని జాతులు నైట్రేటు 5 నుంచి 20 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉన్నా హాయిగా ఉంటాయి, కొత్తవాళ్ల చేతి తప్పులకు ఓర్చుకుంటాయి. జీనియా పిడికిలి మూసి తెరుస్తున్నట్టు ఆడుతూ ముచ్చటగా ఉంటుంది. కానీ నచ్చిందంటే పొలంలో తుంగలా అల్లుకుపోతుంది. చుట్టూ జానెడు ఇసుక వదిలి, మిగతా రాళ్లకు ఆనని విడి రాయి మీదే పెట్టండి.

ఈ పగడాలకు సరిపడే చేపలు: ఒక పసుపు వాచ్‌మన్ గోబీ, దానికి తోడు ఒక పిస్టల్ రొయ్య, ఒక ఫైర్ ఫిష్, మూడు పైజామా కార్డినల్స్, హేచరీలో పుట్టిన క్లౌన్ల జంట. మొత్తం ఏడు చేపలు. ఇంకొకటి అంటారా, మూడు నెలలు దాటి గాజు మీద నాచు పట్టడం మొదలయ్యాక లాన్‌మోవర్ బ్లెన్నీ ఒకటి. క్లీనర్ రొయ్యలు రెండు, నాచు తినే నత్తలు ఎనిమిదో పదో. అంతే. గోబీ, పిస్టల్ రొయ్య కాపురం చూసి తీరాల్సిందే. రొయ్యకు చూపు తక్కువ, బొరియ తవ్వుతూ ఒక మీసం ఎప్పుడూ గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. ఏదైనా నీడ కదిలితే గోబీ తోక చిన్నగా ఆడిస్తుంది, మరుక్షణం ఇద్దరూ లోపలికి.

వేసే వరుస ముఖ్యం. బెదిరే చేప ముందు, పెత్తనం చేసే చేప ఆఖరు. గోబీ, ఫైర్ ఫిష్ మొదట. రెండు వారాలాగి కార్డినల్స్. మరో రెండు వారాలాగి క్లౌన్లు. ఫైర్ ఫిష్ గెంతుతుంది, కాబట్టి ట్యాంకు పైన పావు అంగుళం కన్ను ఉన్న వల బిగించకుండా దాన్ని తేకండి.

ఇవన్నీ ట్యాంకు పండాకే, అంటే అమ్మోనియాను విరిచే బాక్టీరియా అందులో కుదురుకున్నాకే. నీళ్లు, రాయి, ఇసుక పెట్టి, 200 లీటర్లకు ఒకటింబావు గ్రాము అమ్మోనియం క్లోరైడ్ వేస్తే అమ్మోనియా 2 పీపీఎం వస్తుంది. బాక్టీరియా సీసా ఒకటి కలపండి. వేసిన అమ్మోనియా 24 గంటల్లో సున్నాకి దిగి, నైట్రైటు కూడా సున్నా చూపించిన రోజు ట్యాంకు సిద్ధం. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. పగడాలు మొదటి చేపలు కుదురుకున్నాక, అంటే సుమారు రెండు నెలలకు: మష్రూమ్స్ ముందు, జొయాంథస్ తర్వాత, లెదర్ ఐదో నెలలో.

ప్రశ్న: ట్యాంకు పండించడానికి నాలుగు బ్లూ డామ్సెల్స్ వేశాను. ఇప్పుడు ఒకటే మిగిలింది. కొత్తగా వేసిన క్లౌన్‌ని మూలకు తరిమి రెక్కలు చింపేసింది. పట్టుకోబోతే రాళ్లలో దూరుతోంది. ఏం చెయ్యాలి? — పాఠకుడు, ఒంగోలు

జవాబు: నాలుగు ఒకటయ్యాయంటే మిగతా మూడింటినీ చంపింది ఆ ఒక్కటే అయి ఉండొచ్చు. చౌకగా దొరుకుతాయని డామ్సెల్స్‌తో ట్యాంకు పండించమని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు, అది పాత పద్ధతి. ముందొచ్చిన చేప ట్యాంకంతా తన సొంతమనుకుంటుంది. డామ్సెల్‌కి ఆ పట్టు మరీ ఎక్కువ.

వలతో వెంటపడితే రాళ్లన్నీ పీకాల్సి వస్తుంది. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా తీసుకుని, పై భాగం కోసి, మూతి లోపలికి వచ్చేలా తిరగేసి అమర్చండి. మూతి రూపాయి బిళ్లంత వెడల్పు ఉండేలా కత్తిరించి అంచు నున్నగా రుద్దండి. ఒక రోజు మేత ఆపండి. మర్నాడు సీసాలో చిన్న రొయ్య ముక్క వేసి, గులకరాయి బరువుతో ఇసుక మీద పడుకోబెట్టి, లైటు ఆపేసి పక్కకు వెళ్లండి. మీరు ఎదురుగా నిలబడి చూస్తుంటే అది రాదు. ఒకటి రెండు రోజుల్లో దూరుతుంది.

ఈలోగా క్లౌన్‌ని చిల్లుల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ట్యాంకులోనే వేలాడదీయండి. డామ్సెల్ పోయాక రెండు మూడు రాళ్ల చోటు మార్చి, అప్పుడు వదలండి.

రెండో క్లౌన్ కొనేటప్పుడు మొదటిదానికంటే స్పష్టంగా చిన్నదాన్ని ఎంచండి. జంటలో పెద్దది ఆడ, చిన్నది మగ. చిన్నది పెద్దదాని ముందు పక్కకు వాలి ఒళ్లంతా వణికిస్తే కంగారు పడకండి, ‘నువ్వే పెద్ద’ అని ఒప్పుకోవడం అది. అలా వణికిందంటే జత కుదిరినట్టే. రెండూ ఒకే సైజువైతే ఒకటి చచ్చేదాకా కొట్టుకోవచ్చు. మూడో క్లౌన్ ఎప్పుడూ వద్దు.

ప్రశ్న: తుమ్మలపెంట బీచి మాకు దగ్గర. సముద్రం పక్కనే పెట్టుకుని ఉప్పు ప్యాకెట్లు కొనడం ఎందుకు? మా బంధువుల రొయ్యల హేచరీ నుంచి కూడా నీళ్లు తెచ్చుకోవచ్చు. — పాఠకురాలు, కావలి

జవాబు: ఒడ్డున బిందె ముంచి తెచ్చిన నీళ్లు వద్దమ్మా. అలల దగ్గర బురద, నాచు విత్తులు, చేపల జబ్బులు అన్నీ ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకు వాగులు, నదులు కలిసి ఒడ్డు నీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. రొయ్యల చెరువులు కోసినప్పుడు వదిలిన నీళ్లు కాలువల్లోంచి సముద్రానికే చేరతాయి.

హేచరీ నీళ్లు దొరకడం మీ అదృష్టం. కానీ ఏ తొట్టె నీళ్లో అడిగి తెచ్చుకోండి. రొయ్య పిల్లలున్న తొట్టెలోవి వద్దు. వడపోసి, క్లోరిన్ పెట్టి, గాలి కొట్టి, ఈడీటీఏ (లోహాలను కట్టిపడేసే రసాయనం) ఇంకా కలపని నిల్వ నీళ్లు కావాలి. ఇంట్లోనే శుద్ధి చేసుకోవాలంటే: ఎండాకాలంలో, వాగు కలిసే చోటుకు దూరంగా, పడవ మీద అలలు దాటి తెచ్చిన నీళ్లను ఒక రోజు కదలకుండా తేర్చండి. 5 మైక్రాన్ల ఫిల్టరులో వడపోయండి. 100 లీటర్లకు 30 శాతం బ్లీచింగ్ పౌడరు మూడున్నర గ్రాములు వేరే నీళ్లలో కలిపి, పైతేట మాత్రమే పోసి, మూతపెట్టి ఒక రోజు ఉంచండి. ఇంకో రోజు గట్టిగా గాలి కొట్టండి. క్లోరిన్ టెస్టులో ఇంకా రంగు వస్తే, ప్రతి 1 పీపీఎం క్లోరిన్‌కి లీటరుకు 7 మిల్లీగ్రాముల చొప్పున సోడియం థయోసల్ఫేటు వేయండి. మళ్లీ పరీక్షించి సున్నా వస్తేనే వాడాలి. ఆఖరున కార్బన్ గుండా ఒక రోజు తిప్పండి.

ఇంత శ్రమ ప్రతివారం పడగలరా? 200 లీటర్ల ట్యాంకుకు వారానికి 20 లీటర్ల నీళ్లు మారిస్తే చాలు, దానికి మంచి రీఫ్ సాల్టు సుమారు 750 గ్రాములు. మా ఓటు ప్యాకెట్‌కే.

ఆ ఉప్పు కలిపే నీళ్ల గురించి ఒక మాట. బోరు నీళ్లు అసలు వద్దు. ఇంట్లో తాగే ఆర్వో మిషన్లలో చాలావాటికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది, రుచి కోసం అది పచ్చి నీళ్లు కొంచెం కలిపేస్తుంది. దాన్ని పూర్తిగా మూసి, మీటరుతో చూడండి. టీడీఎస్ సున్నా రావాలి, మహా అయితే 5. రాకపోతే చివర, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలించుకోండి.

ప్రశ్న: ఇస్కపల్లి కొటార్లలో రాళ్ల ఉప్పు బస్తాల్లో దొరుకుతుంది. అదీ సముద్రపు ఉప్పేగా, ఎందుకు పనికిరాదు? — పాఠకుడు, అల్లూరు

జవాబు: మంచి ప్రశ్న. మడిలో సముద్రపు నీళ్లు ఎండే కొద్దీ అన్నీ ఒకేసారి గడ్డకట్టవు. ముందు కాల్షియం జిప్సంగా అడుగుకు దిగిపోతుంది. తర్వాత మామూలు ఉప్పు పేరుకుంటుంది. మెగ్నీషియం, పొటాషియం మాత్రం చివరిదాకా గడ్డకట్టక, ఉప్పు గీరి తీశాక మిగిలే చేదు నీళ్లలోనే ఉండిపోతాయి. అంటే బస్తాలోకొచ్చేది దాదాపు ఉత్త సోడియం క్లోరైడ్. అసలు సముద్రంలో లీటరుకు కాల్షియం 410, మెగ్నీషియం 1,290, పొటాషియం 400 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. అవి లేని నీళ్లలో ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు 35 చూపించినా పగడం తెరుచుకోదు, రొయ్య కుబుసం సరిగ్గా విడవదు. ఉప్పదనం తక్కువ ఉన్న బోరు నీళ్లలో వనామి వేసే రైతులు పొటాష్, మెగ్నీషియం బస్తాలు చల్లేది ఇందుకే.

రిఫ్రాక్టోమీటరు అంటే గుర్తొచ్చింది. చెరువు దగ్గర వాడేదే ఇంట్లోనూ వాడొచ్చు, కానీ ఉత్త నీళ్లతో సున్నా చూసి వదిలేయకండి. 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ప్రామాణిక ద్రావణం చుక్క వేసి సరిచేసుకోండి.

ప్రశ్న: లెదర్ కోరల్ వేసి నెలైంది. దాని పక్కన జొయాంథస్ వారం నుంచి మూసుకునే ఉన్నాయి. లెదర్ కూడా మైనం పూసినట్టు మెరుస్తూ ముడుచుకుంది. నీటి కొలతలన్నీ బాగున్నాయి. జొయాంథస్ రాయి తీసి బ్రష్‌తో రుద్ది కడగమంటున్నారు. — పాఠకురాలు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: ఆగండి, రుద్దకండి. జొయాంథస్, పాలిథోవా జాతుల్లో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రాణం తీసేంత విషం. బ్రష్‌తో రుద్దితే తుంపర కంట్లో, గాయంలో పడుతుంది. ఆ రాయిని వేడినీళ్లలో ఉడికిస్తే ఆవిరి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేయగలదు. కోయాలన్నా, జరపాలన్నా గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. నోటితో పైపు పీల్చి ఆ నీళ్లు తోడొద్దు. పిల్లలున్న ఇంట్లో ట్యాంకుకు మూత ఉండి తీరాలి.

ఇక లెదర్. అది మైనపు పొర కట్టి ముడుచుకోవడం జబ్బు కాదు, పైచర్మం వదులుకుంటోంది. వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. పవర్‌హెడ్ (ట్యాంకులో నీళ్లను తోసే చిన్న పంపు) ధార నేరుగా కాకుండా పక్కనుంచి తగిలేలా తిప్పితే పొర ఊడి కొట్టుకుపోతుంది.

జొయాంథస్ మూసుకోవడానికి కారణం లెదరే అయి ఉండాలి. మెత్తని పగడాలకు కుట్టే బలం తక్కువ. వాటి ఆయుధం నీళ్లలోకి వదిలే రసాయనం. టెస్టు కిట్లు చూపించేవాటిలో అది ఉండదు, అందుకే మీ కొలతలన్నీ బాగున్నాయి. మూడు పనులు చేయండి. 200 లీటర్లకు సుమారు వంద గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్, ఆర్వో నీళ్లలో కడిగి, నీరు ధారాళంగా వెళ్లే చోట సంచీలో పెట్టి మూడు వారాలకొకసారి మార్చండి. 20 లీటర్ల నీళ్లు ఇవాళే మార్చండి. లెదర్‌ని నీటి ప్రవాహానికి దిగువన, జొయాంథస్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. పెద్దయ్యాక దాని గొడుగు పళ్లెమంత అవుతుంది, ఆ నీడ కింద ఏదీ పెట్టకండి. వారంలో జొయాంథస్ విచ్చుకోకపోతే, రాత్రి టార్చి వేసి కాడల మధ్య చూడండి. వాటినే తినే చిన్న నూడిబ్రాంకులు (గుల్ల లేని సముద్రపు నత్తలు) ఉండొచ్చు, రంగు కూడా అచ్చం జొయాంథస్ రంగే ఉంటుంది.

ప్రశ్న: రామేశ్వరం వైపు నుంచి బతికున్న పగడపు ముక్కలు, లైవ్ రాక్ తక్కువ ధరకు తెచ్చిస్తామని ఒకరు అంటున్నారు. తీసుకోవచ్చా? — పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: తీసుకోకూడదు. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు — వీటిని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సముద్రగుర్రాలు కూడా ఆ జాబితాలోవే. లైవ్ రాక్ అంటున్నది కూడా పగడపు దిబ్బ పగలగొట్టి తెచ్చిన ముక్కే. మన్నార్ సింధుశాఖలో 21 దీవులను 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. అక్కడ రాయి ఏరడం నేరం, కొనడం ఆ నేరంలో భాగం. చట్టం పక్కనపెట్టినా, ఒక పిడికెడు రాతి పగడం పెరగడానికి ఏళ్లు పడుతుంది.

రాయి కోసం సిరామిక్ రీఫ్ రాక్ కొనండి, 200 లీటర్లకు 15 నుంచి 20 కిలోలు. పగడం కోసం ఇళ్లలో, ఫారాల్లో ముక్కలు చేసి పెంచిన మెత్తని జాతులే, బిల్లుతో తీసుకోండి. క్లౌన్లను హేచరీలో పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో రూపొందించింది. హేచరీ పిల్ల మీ ఇంటికొచ్చిన మొదటి రోజు నుంచే గుళికలు తింటుంది, జబ్బులూ తక్కువ. పట్టి తెచ్చిన చేపను ఎందుకు కొనాలి?

ప్రశ్న: మార్కాపురం పలకరాయి ట్యాంకులో పెట్టొచ్చా? — పాఠకుడు, మార్కాపురం

జవాబు: పెట్టొచ్చు, అరుగులాగా. తుప్పు రంగు చారలు, బంగారంలా మెరిసే చుక్కలు ఉన్న పలక మాత్రం వద్దు, అందులో ఇనుము ఉంటుంది. అయితే పలకకు రంధ్రాలుండవు, బాక్టీరియాకు ఇల్లు కాలేదు. రీఫ్ రాక్‌కు బదులు కాదు. అంచులు రుద్ది, బ్రష్‌తో కడిగి పెట్టండి.

ప్రశ్న: మే నెలలో ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలకు పోయాయి. మష్రూమ్స్ కరిగిపోయాయి. ఐసు వేస్తే సరిపోదా? చిల్లరు (నీళ్లను చల్లబరిచే మిషను) కొనక తప్పదా? — పాఠకురాలు, దర్గామిట్ట, నెల్లూరు

జవాబు: ఐసు లెక్క చూడండి. లీటరు నీళ్ల సీసా గడ్డకట్టించి వేస్తే 200 లీటర్ల ట్యాంకు సుమారు అర డిగ్రీ దిగుతుంది, రెండు గంటల్లో మళ్లీ ఎక్కుతుంది. ఆ ఎగుడుదిగుడు 30 డిగ్రీల కంటే హాని.

రోహిణి కార్తెలో ప్రాణం తీసేది వేడి ఒక్కటే కాదు. 35 పీపీటీ నీటిలో 25 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ లీటరుకు 6.7 మిల్లీగ్రాముల దాకా పడుతుంది, 30 దగ్గర 6.2కి దిగుతుంది. అదే సమయంలో చేప, బాక్టీరియా ఎక్కువ పీలుస్తాయి. తెల్లవారుజామున చెరువులో రొయ్య పైకి తేలినట్టే ట్యాంకులో చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. కాబట్టి మొదటి పని నీటి పైభాగం కదిలేలా పవర్‌హెడ్‌ని పైకి తిప్పడం. కరెంటు పోతే నడిచే బ్యాటరీ గాలి పంపు ఇంట్లో ఉండాలి. తుఫాను రోజుల్లోనూ అదే ఆదుకుంటుంది.

రెండోది, నీటి పైకి ఏటవాలుగా ఒక చిన్న ఫ్యాను. రెండు మూడు డిగ్రీలు దింపుతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువగా ఉన్న సాయంత్రాల్లో అంతకన్నా తక్కువే. రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరవుతాయి. ఆ లోటు ఉత్త ఆర్వో నీళ్లతోనే పూడ్చాలి, ఉప్పునీళ్లతో కాదు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. ఇక్కడ తప్పు చేసి 35 పీపీటీని 40కి ఎక్కించుకున్నవాళ్లు చాలామంది.

గది వేడి 35 దాటితే ఫ్యాను చాలదు. 200 లీటర్లకు పదో వంతు హెచ్‌పీ చిల్లరు కావాలి. దాని వేడిగాలి కిటికీలోంచి బయటికి పోవాలి, స్టాండు అరలో మూసిపెడితే అదే గదిని వేడెక్కిస్తుంది. 25కి పెట్టి చిల్లరును రోజంతా బాదొద్దు. వేసవిలో 27కి పెట్టండి. మెత్తని పగడాలకు కదలని 27, ఆడే 25 కంటే మేలు.

ప్రశ్న: చెన్నై కొళత్తూరు అక్వేరియం మార్కెట్ నుంచి తెచ్చిన చేపల ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు. మా చెరువులో వైట్ స్పాట్ వస్తే పంట పోయినట్టే. ఇదీ అంతేనా? ట్యాంకులో కోరల్స్ కూడా ఉన్నాయి. — రొయ్య రైతు, కొత్తపట్నం

జవాబు: పేరొక్కటే. రొయ్యకు వచ్చేది వైరస్, మందు లేదు. చేపకు వచ్చేది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి, దీన్ని వదిలించుకోవచ్చు. మీ చెరువు పనిముట్లు, చేతులు మాత్రం ట్యాంకుకు దూరంగా ఉంచండి. ట్యాంకులో రొయ్యలు ఉంటే ఆ నీళ్లు చెరువు గట్టున పారబోయకండి.

రాగి మందు ఈ జబ్బుకు పనిచేస్తుంది. కానీ పగడం, రొయ్య, నత్త ఉన్న ట్యాంకులో చుక్క కూడా వేయొద్దు, చేప తప్ప అన్నీ చస్తాయి, రాళ్లు పీల్చుకున్న రాగి తర్వాత కూడా కారుతూ ఉంటుంది. మందు లేని దారి ఉంది. ఈ పురుగు చేపను వదిలి కిందపడ్డాక గోడకో రాయికో అంటుకుని గుడ్డులా గట్టిపడుతుంది, కనీసం మూడు రోజుల తర్వాతే పిల్లలు బయటికొస్తాయి. ఆ మూడు రోజుల్లో చేపను వేరే తొట్టెకు మార్చేస్తే పిల్లలకు చేప దొరకదు.

ముప్ఫై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులు రెండు, గాలిరాళ్లు రెండు, పీవీసీ మోచేతి ముక్కలు నాలుగు చాలు. మొదటి రోజు చేపల్ని మొదటి టబ్బులో వేయండి. నాలుగో రోజు అదే ఉప్పు, అదే వేడి ఉన్న కొత్త నీళ్ల రెండో టబ్బుకు మార్చండి. వెంట ఒక్క చెంచా పాత నీళ్లు కూడా రాకూడదు. మొదటిదాన్ని కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. ఏడో రోజు, పదో రోజు మళ్లీ మార్పు. పదమూడో రోజుకు చేప శుభ్రం. ప్రతి మార్పూ 72 గంటలు దాటకుండా జరగాలి. మధ్యలో అమ్మోనియా కట్టకుండా మేత తక్కువ వేయండి. ట్యాంకును మాత్రం 76 రోజులు చేప లేకుండా ఉంచాలి. పగడాలకు, రొయ్యలకు ఏమీ కాదు, వాటికి మేత వేస్తూ ఉండండి.

ఇకమీదట కొళత్తూరు నుంచి సంచి రాగానే ముందు దాని ఉప్పదనం కొలవండి. షాపుల్లో చాలాచోట్ల తక్కువ ఉప్పు నీళ్లలో ఉంచుతారు. మూడు నాలుగు గంటల ప్రయాణమైతే టబ్బు నీళ్లను గొట్టంతో చుక్కచుక్కగా ముప్పావుగంట పాటు సంచి నీళ్లలో కలపండి. రాత్రంతా బస్సులో వచ్చిన సంచి అయితే ఇలా చేయొద్దు. సంచి విప్పగానే లోపలి కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ ఎక్కుతుంది, అప్పటిదాకా నిద్రపోయిన అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. అలాంటప్పుడు టబ్బు నీళ్ల ఉప్పునే ముందుగా సంచి ఉప్పుకు సమానం చేసి పెట్టుకుని, వేడి కలవగానే చేపను నేరుగా మార్చేయండి. తర్వాత రోజుకు 2 పీపీటీ చొప్పున పెంచుకోవచ్చు.

ప్రశ్న: మా ట్యాంకుకు మూడు నెలలు, లెదర్ కోరల్ ఉంది. క్లౌన్లు ఆశ్రయం తీసుకునే పువ్వులాంటి జీవి అనిమోన్ లేకుండా ఎలా? — పాఠకురాలు, కందుకూరు

జవాబు: లేకపోయినా ఏ లోటూ ఉండదు. మీ ట్యాంకు వయసు ఇంకా మూడు నెలలే అన్నారు. అనిమోన్‌కు ఏడాది నిండి, కొలతలు నిలకడగా ఉన్న ట్యాంకు, బలమైన లైటు కావాలి. నచ్చకపోతే అది పాకుతూ వెళ్లి పవర్‌హెడ్‌లో ఇరుక్కుంటుంది, ఒక్క రాత్రిలో తుక్కయి ట్యాంకు నీళ్లన్నీ పాడుచేస్తుంది. దారిలో తగిలిన పగడాన్నల్లా కుడుతుంది. మీ లెదర్ కోరల్ పెరిగాక క్లౌన్లు దాని వేళ్లలోనే పడుకోవచ్చు. అనిమోన్ వేసే రోజు వస్తే, ముందు పవర్‌హెడ్ ముఖానికి స్పాంజి కవరు తొడిగాకే తెండి.